వాన ఎంత తగ్గితే పెరుగుదల అంతే తగ్గాలి కదా? నా గ్రాఫ్ ఎందుకు ఒప్పుకోవడం లేదు

బెట్టకాలం
కరువు గురించి ఏది చదివినా ఒకటే పాట: వాన తగ్గితే మొక్కల ఉత్పాదకత తగ్గుతుంది. సరే, తగ్గుతుంది. ఎంత, ఎప్పుడు అని అడిగితే మాత్రం అందరూ దాటేస్తారు. నేను ఒక గడ్డిభూమి, దాన్ని ఆనుకుని ఉన్న అడవి, ఈ రెండింటి వాన లెక్కలూ ఉపగ్రహం చూపే పచ్చదనం లెక్కలూ ముందేసుకుని కూర్చున్నాను. వానలు బాగా తగ్గిన ఏడాది గడ్డి అంతకు మించి పడిపోయింది. అడవికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. ఆ తర్వాత వానలు మామూలుగా పడ్డ ఏడాది అడవి డీలా పడింది! వాన, పెరుగుదల ఒక గీత మీద నడవాలి కదా? నా లెక్క తప్పా, మొక్కలకే లెక్క లేదా?

లెక్కలమాస్టారు
మొక్కలకు లెక్క బాగానే వచ్చు. ముందు మీరు కొలిచింది ఏంటో తేల్చుకోండి. కిరణజన్య సంయోగక్రియలో మొక్కలు పట్టుకునే మొత్తం కార్బన్ స్థూల ఉత్పాదకత. నేల మీది మొక్కలన్నీ కలిపి ఏటా సుమారు 12,000 కోట్ల టన్నుల కార్బన్ పడతాయి. అందులో దాదాపు సగం వాటి శ్వాసక్రియకే ఖర్చయిపోతుంది. మిగిలి ఆకు, కాండం, వేరు, గింజగా మారేది నికర ఉత్పాదకత. అందులోంచి నేలలో కుళ్లబెట్టే జీవులు వదిలేది కూడా తీసేస్తే, ఆ అడవో గడ్డిభూమో నిజంగా దాచుకున్నది తేలుతుంది. కరువు ఈ మూడింటినీ ఒకేలా కొట్టదు. మీ దగ్గరున్న పచ్చదనం ఈ మూడింటిలో ఏదీ కాదు.

బెట్టకాలం
మూడూ కాకపోతే మరేంటి మాస్టారూ?

లెక్కలమాస్టారు
ఆకుల రంగు. మీ పచ్చదనం సూచిక ఎన్‌డీవీఐ అనేది ఆకు తిప్పికొట్టిన పరారుణ కాంతికీ, తిప్పికొట్టిన ఎర్ర కాంతికీ మధ్య తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె, అంతే. ఆకు కొమ్మకు ఉందా లేదా చెబుతుంది. పని చేస్తోందా లేదా అంటే దానికి తెలియదు. పైగా దట్టమైన అడవిలో ఆ అంకె ఒక స్థాయికి చేరి అక్కడే ఆగిపోతుంది. ఇంకో పొర ఆకులు రాలినా పెద్దగా కదలదు.

మోడుచిగురు
అంటే కుర్చీలో మనిషి కనబడితే చాలు, ఆఫీసు పని జరిగినట్టే.

వేరుపురుగు
మాస్టారు పద్దుల దగ్గర మొదలుపెట్టారు, నేను మొక్క దగ్గర మొదలుపెడతాను. నేలలో తేమ తగ్గగానే ఆకు ఆహారం తయారుచేయడం మానేస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు, ముందు ఆగేది పెరుగుదల. కొత్త కణం సాగాలంటే లోపలి నుంచి నీటి ఒత్తిడి ఉండాలి. ఆ ఒత్తిడి కొంచెం తగ్గినా సాగడం ఆగుతుంది. ఆకు మాత్రం అప్పటికీ చక్కెరలు చేస్తూనే ఉంటుంది. అందుకే బెట్ట మొదట్లో మొక్కలో చక్కెరలు తగ్గకపోగా పెరుగుతాయి కూడా. ఆ మిగులులో కొంత వేర్లకు పోతుంది. పైన కోసి తూకం వేసేవాడు ఉత్పాదకత తగ్గిందని రాస్తాడు. తవ్వి చూసేవాడికి వేరు కిందికి దిగుతూ కనబడుతుంది.

తేమ ఇంకా తగ్గితే అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరిగి పత్రరంధ్రాలు మూసుకుంటాయి. నీటి ఆవిరి బయటికి పోయే దారీ, కార్బన్ డయాక్సైడ్ లోపలికి వచ్చే దారీ అదే. ఒకటి ఆపితే రెండోదీ ఆగుతుంది. ఇంకా ముదిరితే ఆకు లోపలి యంత్రాంగమే దెబ్బతింటుంది, అప్పుడు వాన పడినా వెంటనే కోలుకోదు. ఇన్ని మెట్లున్న వ్యవహారాన్ని సరళరేఖలో ఇరికిస్తే గ్రాఫ్ ఎలా ఒప్పుకుంటుంది?

చిన్నమొక్క
వేరుపురుగు గారూ, రంధ్రాలు మూసుకుంటే నీళ్లు ఆదా అవుతాయి కదా. మరి కరువులో చెట్లు ఎందుకు చచ్చిపోతాయి? మాకు పరీక్షలో ఈ ప్రశ్న వచ్చింది, "నీరు లేక" అని రాసి వచ్చేశాను.

మోడుచిగురు
ఎన్ని మార్కులొచ్చాయో అడగను.

వేరుపురుగు
రెండు దారులున్నాయి. చెట్టులో నీటిని కింద నుంచి ఎవరూ తోయరు, ఆకులే పైనుంచి లాగుతాయి. నేల ఎండేకొద్దీ ఆ లాగుడు పెరుగుతుంది. ఒక హద్దు దాటితే దారువు గొట్టంలోకి, అంటే చెట్టులో నీటిని పైకి మోసే గొట్టంలోకి, గాలి బుడగ చొరబడి, ఆ గొట్టంలో నీటి ధార తెగిపోతుంది. గొట్టాలు వరసగా పోతూ ఉంటే పై కొమ్మలు ఎండుతాయి, చివరికి చెట్టే పోతుంది. ఇది దాహం చావు. రెండోది ఆకలి చావు. రంధ్రాలు నెలల తరబడి మూసుకుని కూర్చుంటే ఆహారం తయారవదు, శ్వాస మాత్రం ఆగదు, దాచుకున్న పిండిపదార్థం కరిగిపోతుంది.

2008లో మెక్‌డొవెల్ బృందం ఈ రెండింటినీ ఒక చట్రంలో పెట్టి చూపింది. అమెరికా నైరుతి ప్రాంతంలో పక్కపక్కనే పెరిగే పిన్యాన్ పైన్, జూనిపర్ వాళ్ల ఉదాహరణ. పిన్యాన్ జాగ్రత్తపరురాలు, ముందే రంధ్రాలు మూసేస్తుంది. జూనిపర్ మొండిది, గొట్టాల్లో లాగుడు ఎంత పెరిగినా భరిస్తూ తెరిచే ఉంచుతుంది. 2000 తర్వాత వచ్చిన కరువులో కుప్పలుగా చచ్చింది ఆ జాగ్రత్తపరురాలే.

ఎండగాలి
బెరడు పురుగుని మర్చిపోయారు. ఆరోగ్యంగా ఉన్న పైన్ చెట్టు జిగురు కార్చి పురుగును బయటికి నెట్టేస్తుంది. నీరసించిన చెట్టుకు ఆ జిగురు ఉండదు. అక్కడ పిన్యాన్‌లకు ఆఖరి దెబ్బ పురుగుదే. ఆకలి చావు అని పోస్ట్‌మార్టం రిపోర్టు రాసేయడం అంత తేలిక కాదు. తర్వాత 26 జాతుల చెట్లను కలిపి చూసినప్పుడు గొట్టాలు దెబ్బతినడం దాదాపు అన్నిటిలో కనబడింది, నిల్వలు కరిగిపోవడం కొన్నిటిలోనే.

వేరుపురుగు
పురుగు సంగతి ఒప్పుకుంటాను. గొట్టాలదే పెద్ద వాటా అన్నా నాకు అభ్యంతరం లేదు. అసలు 2012లో వచ్చిన లెక్క చూస్తే భయం వేస్తుంది. 81 చోట్ల నుంచి 226 అటవీ జాతుల కొలతలు తెచ్చి చూశారు. 70 శాతం జాతులు గొట్టాలు పాడయ్యే హద్దుకు 1 మెగాపాస్కల్ (అది ఒత్తిడి కొలత) దూరం కూడా లేకుండా బతుకుతున్నాయి. వాన ఎక్కువ పడే అడవులా, తక్కువ పడే అడవులా అన్న తేడా పెద్దగా లేదు. వాన ఎక్కువున్న చోట చెట్టు దానికి తగ్గట్టు సుకుమారమైన గొట్టాలే కట్టుకుంటుంది. తడి అడవికి కరువేం చేస్తుంది అనేవాళ్లు ఈ అంకె చూడాలి.

చిన్నమొక్క
ఇదంతా రెండు ముక్కల్లో చెబితే రాసుకుంటా.

మోడుచిగురు
"నీరు లేక, పురుగు వల్ల." ఒక మార్కు పెరిగింది.

ఎండగాలి
బెట్టకాలం గారి ప్రశ్నకు వద్దాం. మీ పట్టికలో వాన ఉంది, గాలి లేదు. గాలి ఇంకా ఎంత ఆవిరిని మింగగలదో దాన్ని ఆవిరి లోటు అంటారు. ఉష్ణోగ్రత 1 డిగ్రీ సెల్సియస్ పెరిగితే గాలి పట్టగలిగే ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. అంత ఆవిరీ గాలికి అందకపోతే మిగతాది ఆకుల నుంచే గుంజుకుంటుంది. ఒకే వాన పడ్డ రెండేళ్లలో వేడిగా ఉన్న ఏడాదే మొక్కకు కరువు. నేలలో తేమ ఉన్నా సరే, గాలి మరీ పొడిగా ఉంటే చాలా మొక్కలు రంధ్రాలు మూసేస్తాయి. 1990ల చివరి నుంచి ఆవిరి లోటు గట్టిగా పెరిగిందనీ, చాలాచోట్ల మొక్కల పెరుగుదలకు అదే కళ్లెం వేసిందనీ 2019లో ఒక పెద్ద అధ్యయనం చూపింది. వాన ఒక్కటే చూసే కరువు సూచిక ఎస్‌పీఐ 1993 నాటిది. ఆవిరయ్యే నీటినీ లెక్కలో వేసే ఎస్‌పీఈఐ 2010 నుంచి ఉంది. అది పెట్టి మళ్లీ గీయండి.

లెక్కలమాస్టారు
ఎస్‌పీఈఐ వాడమనడం వరకు సరే. నేరమంతా గాలి మీదికి తోసేయకండి. నేల ఎండితే మొక్కల నుంచి వచ్చే ఆవిరి తగ్గుతుంది, ఆవిరి తగ్గితే గాలి వేడెక్కి ఇంకా పొడిబారుతుంది, ఆ గాలి నేలను ఇంకా పీలుస్తుంది. రెండూ కలిసే వస్తాయి. విడదీయాలంటే నేల తేమ ఒకేలా ఉన్న రోజుల్ని ఒక గుంపుగా కట్టి, వాటిలో గాలి ప్రభావం ఎంతో చూడాలి. 2020లో అలాగే చేశారు. మొక్కలున్న నేలలో 70 శాతానికి పైగా చోట్ల నేల తేమదే పైచేయి అని వచ్చింది.

ఎండగాలి
అది ఉపగ్రహం చూసిన లెక్క. టవర్ల మీద పరికరాలు పెట్టి అడవి లోపలికి, బయటికి పోయే ఆవిరిని నేరుగా కొలిచిన చోట, ముఖ్యంగా తేమ పుష్కలంగా ఉండే అడవుల్లో, గాలి పొడితనమే ముందు వరసలో నిలిచింది. 2016లో వచ్చింది అది.

లెక్కలమాస్టారు
తేమ పుష్కలంగా ఉంటే గాలే మిగులుతుంది మరి. అది చెప్పడానికి టవరెందుకు?

ఎండగాలి
కొలవకుండా చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి.

మోడుచిగురు
గాలీ నేలా కొట్టుకుని మధ్యలో మొక్క వడలిపోతోంది, ఎవరైనా నీళ్లు పోయండి.

గడ్డిపోచ
ఆ తగాదా ఇప్పట్లో తెగదు, నన్ను గడ్డి గురించి చెప్పనివ్వండి. వాన ఆపే కప్పుల కింద గడ్డి కోసి తూకం వేసే పని నేను చేశాను. గడ్డి మడి మీద పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీలు వాలుగా బిగిస్తారు. పట్టీకీ పట్టీకీ మధ్య వదిలిన సందును బట్టి అంత వాన లోపలికి, మిగతాది గట్టర్‌లోంచి బయటికి. చుట్టూ నేలలో షీటు పాతకపోతే పక్క నుంచి తేమ లోపలికి ఊరి ప్రయోగం మొత్తం గంగలో కలుస్తుంది. సీజన్ ఆఖర్న కోసి, ఎండబెట్టి, తూకం వేస్తారు. గాలివానకు కప్పు లేచిపోయిన రోజు కరువు ప్రయోగం కాస్తా వరద ప్రయోగం అవుతుంది.

ఇలాంటి కప్పులనే ఒకే పద్ధతిలో ఆరు ఖండాల్లో 100 చోట్ల పెట్టి, 2024లో ఫలితాలు బయటపెట్టారు. వందేళ్లకోసారి వచ్చేంత గట్టి కరువు ఒక్క ఏడాది తగిలితే, గడ్డిభూములూ పొదల నేలల్లో పైభాగపు పెరుగుదలకు జరిగే నష్టం తరచుగా వచ్చే మామూలు కరువులో జరిగే నష్టం కన్నా 60 శాతం ఎక్కువ. పొడి నేలలు, జాతులు తక్కువున్న చోట్లు ఎక్కువ దెబ్బతిన్నాయి.

బెట్టకాలం గారి గడ్డి వానను మించి పడిపోవడంలో వింతేమీ లేదు. పడ్డ వానంతా మొక్కకు చేరదు. చిన్న జల్లులు నేల పై పొరను తడిపి అక్కడే ఆవిరైపోతాయి, వేరుదాకా దిగవు. ఆ తరుగు ఏ ఏడాదైనా ఇంచుమించు ఉండేదే. మొత్తం వాన తగ్గినప్పుడు కోత పడేది మొక్క వాటాలోనే. మీ వానమానిక మిల్లీమీటర్లు లెక్కపెడుతుంది, వేరు వాటిలో కొన్నిటినే చూస్తుంది.

బెట్టకాలం
ఇది నాకు నచ్చింది. జల్లుల సైజును బట్టి మళ్లీ విడదీసి చూస్తాను. మరి అడవి ఎందుకు కదల్లేదు?

లెక్కలమాస్టారు
వానలు బాగున్నప్పుడు అడవికి నీరు అడ్డంకి కాదు, వెలుతురూ నత్రజనీ అడ్డంకులు. కొంత వాన తగ్గినా దానికి పట్టదు. 2004లో ఎడారి నుంచి వర్షారణ్యం దాకా పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తేలింది కూడా ఇదే. మామూలు ఏళ్లలో మిల్లీమీటరు వానకు వచ్చే పెరుగుదల ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. వాన బాగా తగ్గిన ఏళ్లలో మాత్రం అన్నీ ఇంచుమించు ఒకే అంకె దగ్గరికి చేరతాయి. అడవిని కూడా నీటికి అల్లాడేంత దూరం నెడితే అదీ ఎడారి లెక్కలోనే నడుస్తుంది.

వేరుపురుగు
వేర్ల మాట ఎవరైనా ఎత్తుతారేమోనని చూస్తున్నాను. 1994లో తూర్పు అమెజాన్‌లో తవ్వి చూస్తే, ఎండాకాలంలో అడవి 8 మీటర్లకన్నా లోతు నుంచి నీళ్లు లాగుతోంది. నెలల తరబడి వాన లేకున్నా ఆకులు పచ్చగా ఉండడం వెనుక గుట్టు అదే. కలహారి ఎడారిలో ఒక చెట్టు వేరు 68 మీటర్ల లోతున దొరికింది. కొన్ని మొక్కలు ఇంకో అడుగు ముందుకేసి, లోతు నుంచి లాగిన నీటిని రాత్రిపూట పై పొర మట్టిలోకి వదులుతాయి. పక్కన ఉన్న గడ్డి కూడా తాగుతుంది.

మోడుచిగురు
68 మీటర్లు! మీ పేరు చూసి వేర్లు తినేవారనుకున్నాను, మీరు వేర్ల అభిమాన సంఘం అధ్యక్షులు.

కొమ్మమీదకాకి
అమెజాన్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. కరువులో అడవి ఇంకా పచ్చబడిందని ఒకప్పుడు చదివాను. మబ్బులు తగ్గి ఎండ బాగా పడితే చెట్లకు మంచిదే కదా? ఊరికే అందరూ కరువు కరువని భయపెడుతున్నారు.

ఎండగాలి
చదివింది నిజమే. ఆ తర్వాతి కథ చదవలేదు. 2005లో అమెజాన్‌లో పెద్ద కరువు. 2007లో ఉపగ్రహ చిత్రాలు చూసి అడవి పచ్చబడిందన్నారు. 2010లో అవే చిత్రాల్లోంచి మబ్బులూ పొగా కలిసిన చుక్కలన్నీ తీసేసి చూస్తే ఆ పచ్చబడడం నిలవలేదు. ఈలోగా టేపు పట్టుకుని చెట్ల చుట్టుకొలతలు తీసేవాళ్లు 2009లో తమ లెక్క చెప్పారు. ఆ కరువు వల్ల అడవి కోల్పోయిన కార్బన్ 120 నుంచి 160 కోట్ల టన్నులు.

లెక్కలమాస్టారు
అందులో చచ్చిన చెట్ల వాటా పెద్దది. చచ్చిన చెట్టు కార్బన్ ఆ ఏడాదే గాలిలో కలవదు, కుళ్లుతూ ఏళ్ల తరబడి వదులుతుంది. ఏడాది లెక్కలో నష్టం తక్కువ కనబడి, తర్వాతి ఏళ్ల పద్దులో తేలుతుంది.

వేరుపురుగు
లోతు వేర్లకూ హద్దుంది. అదే అమెజాన్‌లో కాషియువానా అనే చోట 2002 నుంచి అడవి నేలకు కాస్త పైన ప్లాస్టిక్ పలకలు బిగించి, ఆకుల గుండా కారే వానలో సగాన్ని పక్కకు మళ్లించారు. మొదటి ఏళ్లలో పెద్దగా ఏమీ జరగలేదు. ఆ తర్వాత చెట్లు కూలడం మొదలైంది, అదీ పెద్ద చెట్లు. ఎత్తు పెరిగేకొద్దీ నీటిని అంత పైకి లాగాలి, పైన ఎండా గాలీ ఎక్కువ. అడవి కార్బన్‌లో ఎక్కువ భాగం ఉండేది ఆ పెద్ద చెట్లలోనే.

కొమ్మమీదకాకి
మరి నేను చెప్పిన ఎండ సంగతి? ఎక్కడా లాభం లేదంటారా?

ఎండగాలి
ఉంది, చలి కొండల మీద. 2003 వేసవిలో యూరప్ మాడిపోతుంటే ఆల్ప్స్ పర్వతాల ఎత్తుల్లో మొక్కలు ఎక్కువ పెరిగాయి. అక్కడ మంచు త్వరగా కరిగింది, వేడి దొరికింది, నీటికి లోటు లేదు. కింద మైదానాల సంగతి వేరు. యూరప్ మొత్తం మీద ఆ ఏడాది స్థూల ఉత్పాదకత 30 శాతం తగ్గింది. అంతకుముందు నాలుగేళ్లలో యూరప్ నేలలు దాచుకున్నంత కార్బన్ ఆ ఒక్క వేసవి తుడిచేసింది, సుమారు 50 కోట్ల టన్నులు గాలిలోకి పోయాయి.

గడ్డిపోచ
2003లో ఇంకో సంగతి ఉంది. నేల ఎండిపోవడంతో నేల శ్వాస కూడా తగ్గింది. అయినా నష్టం వచ్చిందంటే ఆకుల వైపు కోత ఎంత పెద్దదో చూడండి. ఎండిన నేల మీద తొలి వాన పడగానే సూక్ష్మజీవులు ఒక్కసారిగా లేచి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. బర్చ్ అనే శాస్త్రవేత్త 1950ల్లోనే గమనించాడు, ఆయన పేరే పెట్టారు. వాన వచ్చింది, ఇక కోలుకున్నట్టే అని రాసేవాళ్లు ఆ మొదటి రోజుల లెక్క చూస్తే గతుక్కుమంటారు.

వలయాలు
ఆలస్యంగా వచ్చాను. బెట్టకాలం గారి అడవి ఏడాది తర్వాత డీలాపడిందని మొదటి పోస్టులో ఉంది, దాన్ని ఇంకా ఎవరూ ముట్టుకోలేదేంటి? నేను చెట్ల మానులోంచి సన్నని కడ్డీ తీసి వలయాలు కొలుస్తాను. కరువు ఏడాది వలయం సన్నగా ఉంటుందనుకుని కొత్తవాళ్లు అక్కడే వెతుకుతారు. చాలాసార్లు మరుసటి ఏటి వలయం కూడా సన్నగానే ఉంటుంది, కొన్నిసార్లు దానికన్నా సన్నగా. 2015లో 1,338 అటవీ ప్రాంతాల వలయాల లెక్కలు తీసి చూస్తే, గట్టి కరువు తర్వాత పెరుగుదల మళ్లీ దారిలో పడడానికి ఒకటి నుంచి నాలుగేళ్లు పట్టింది. పొడి ప్రాంతాల్లో, పైన్ కుటుంబంలో ఇది ఎక్కువ.

ఎందుకంటే, ఓక్‌లాంటి చెట్లు వసంతంలో ఆకు రాకముందే పాత నిల్వలతో కొత్త గొట్టాలు కట్టుకుంటాయి. కరువులో ఆ నిల్వ ఖర్చయిపోతే మరుసటి ఏడాది వాన బాగున్నా పెట్టుబడి ఉండదు. గాలి బుడగలతో పాడైన గొట్టాలు చాలా జాతుల్లో బాగుపడవు, వాటి బదులు కొత్త చెక్క పెరగాలి. రాలిన ఆకులూ చచ్చిన సన్న వేర్లూ మళ్లీ రావాలి. చెట్టు ఆ ఏడాదంతా మరమ్మతులకే సరిపెట్టుకుంటుంది, మనం మాత్రం వాన పడిందిగా ఎందుకు పెరగలేదని అడుగుతాం.

లెక్కలమాస్టారు
ఒక హెచ్చరిక. మరుసటి ఏడాది తగ్గుదలంతా కరువు ఖాతాలో వేయకండి. విత్తనాలు విరగకాసిన ఏడాది కూడా వలయం సన్నబడుతుంది. ఆకు తినే పురుగులు రావచ్చు. ఆలస్యపు మంచు కొట్టి ఉండవచ్చు.

వలయాలు
కాదనను. అందుకే ఒక చెట్టును నమ్మం, ఒకే చోటి చెట్లన్నీ కలిపి చూస్తాం. విత్తనాల ఏడాది కూడా చాలాసార్లు ముందు ఏటి వాతావరణం తోసినదే.

చిన్నమొక్క
కరువు ఏ నెలలో వచ్చిందన్నది కూడా లెక్కేనా?

గడ్డిపోచ
చాలా లెక్క. 2012లో అమెరికాలో వసంతం ముందే వచ్చింది, మొక్కలు తొందరగా ఆకులేసి కార్బన్ బాగా పట్టాయి. ఆ తర్వాత వేసవిలో ఘోరమైన కరువు. ఏడాది మొత్తానికి కలిపితే వసంతపు లాభం వేసవి నష్టాన్ని చాలావరకు పూడ్చింది. అయితే ముందే లేచిన మొక్కలు నేలలో తేమ కూడా ముందే తాగేశాయి, వేసవి ఇంకా ముదరడానికి అదీ ఒక కారణం. 1930ల్లో అమెరికా గడ్డిమైదానాల్లో ఇంకో తమాషా. వేడినీ పొడినీ తట్టుకుంటాయని పేరున్న సీ4 గడ్డి వెనక్కి తగ్గి, చల్లని కాలంలో పెరిగే సీ3 గడ్డి ముందుకొచ్చింది. 2020లో కప్పుల ప్రయోగాలతో చిక్కు విడిపోయింది. వాన తగ్గుదల ఎక్కువగా వేసవి వాటాలో పడింది. సీ4 గడ్డి పెరిగేది వేసవిలోనే.

మోడుచిగురు
పాపం, తెలివైన గడ్డి తప్పు షిఫ్టులో ఉద్యోగం చేసింది.

కొమ్మమీదకాకి
ఇవన్నీ చోటుచోటు కథలు. మొత్తం భూమికి కలిపి ఉత్పాదకత తగ్గిందా, పెరిగిందా? ఒక్క ముక్కలో చెప్పండి.

లెక్కలమాస్టారు
ఒక్క ముక్కలో చెప్పబోయి పెద్ద రభస అయింది. 2010లో జావ్, రన్నింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2000-2009 మధ్య భూమి మొత్తం నికర ఉత్పాదకత 55 కోట్ల టన్నుల కార్బన్ మేర తగ్గిందనీ, కారణం దక్షిణార్ధగోళపు కరువులనీ రాశారు. మరుసటి ఏడాదే అదే పత్రికలో అభ్యంతరాలు వచ్చాయి. ఆ తగ్గుదల మోడల్‌లో ఉష్ణోగ్రతకు ఇచ్చిన తూకం వల్ల వచ్చిందనీ, పదేళ్ల చిన్న గీతలో అంత ధోరణి నిలవదనీ వాదించారు. అసలు రచయితలు తగ్గలేదు, సమాధానం రాశారు. నా ఉద్దేశంలో అభ్యంతరాలదే బలం. పదేళ్లలో ఒక పెద్ద ఎల్ నినో మొదట్లో వచ్చిందా చివర్లో వచ్చిందా అన్నదాన్ని బట్టే గీత వంగిపోతుంది.

ఎండగాలి
ఏటేటా ఊగిసలాట మాత్రం గట్టి నిజం. 2011లో నేల మీది మొక్కలు మామూలుకన్నా చాలా ఎక్కువ కార్బన్ పట్టాయి. అందులో పెద్ద వాటా వానలు విరగపడ్డ ఆస్ట్రేలియా పొడి నేలలది. తర్వాత కరువొస్తే అవే నేలలు పట్టినదాన్ని వదిలేస్తాయి. ప్రపంచ కార్బన్ పద్దు ఏటా ఎటు ఊగాలో నిర్ణయించేది ఎవరూ పట్టించుకోని ఆ పొదలూ గడ్డీనే.

గడ్డిపోచ
ఇన్నాళ్లకు గడ్డికి మర్యాద దక్కింది. అది సరే, జాతుల వైవిధ్యం సంగతి కూడా మాట్లాడండి. మినెసోటాలోని సీడార్ క్రీక్‌లో 1987-88 కరువప్పుడు జాతులు ఎక్కువున్న మడులు తక్కువ నష్టపోయి, త్వరగా కోలుకున్నాయి. 1994లో ప్రచురించారు.

లెక్కలమాస్టారు
ఆ మడుల్లో జాతులు ఎందుకు తక్కువయ్యాయో కూడా చెప్పండి. నత్రజని ఎరువు వేసినందుకు. ఎరువుతో గుబురుగా పెరిగిన గడ్డికి నీళ్లు ఎక్కువ కావాలి, కరువులో ఎక్కువ పడిపోతుంది. తేడా వైవిధ్యానిదా, ఎరువుదా? 1997లోనే ఈ ప్రశ్న లేచింది.

గడ్డిపోచ
అందుకే ఆ తర్వాత విత్తనాలు కలిపి చల్లి, జాతుల సంఖ్యనే మార్చి ప్రయోగాలు చేశారు. అలాంటివి 46 కలిపి 2015లో చూస్తే, ఒకటి రెండు జాతులున్న మడుల ఉత్పాదకత విపరీత వాతావరణంలో సుమారు 50 శాతం మారింది. 16 నుంచి 32 జాతులున్న చోట సుమారు 25 శాతమే. ఎరువు వాదన ఇక్కడ పనిచేయదు మాస్టారూ. కోలుకునే వేగంలో మాత్రం తేడా కనబడలేదు, అది మీ ఖాతాలో వేసుకోండి.

లెక్కలమాస్టారు
వేసుకున్నాను. నాటిన మడిలో వచ్చింది అడవిలోనూ వస్తుందని ఎవరైనా చూపిస్తే మిగతాది మీ ఖాతాలో వేస్తాను.

కొమ్మమీదకాకి
ఆఖరి ప్రశ్న. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మొక్క రంధ్రాలు కొంచెం తెరిచినా సరిపోతుంది, నీళ్లు మిగులుతాయి. అంటే ముందు ముందు కరువు దెబ్బ తగ్గాలి కదా?

వేరుపురుగు
ఒక ఆకును పరికరంలో పెట్టి చూస్తే నిజమే. మొత్తం మొక్కకొచ్చేసరికి ఆ మిగిలిన నీటితో మొక్క ఇంకా ఆకులేస్తుంది, అన్ని ఆకులూ కలిసి మళ్లీ అంత నీరూ తాగుతాయి. మంచి ఏళ్లలో అలా ఒళ్లు పెంచుకున్న అడవికి కరువు ఏడాది ఆ ఒళ్లే బరువవుతుంది. రంధ్రాలు పూర్తిగా మూసుకున్నాక బయట గాలిలో ఎంత కార్బన్ డయాక్సైడ్ ఉంటే ఏం లాభం?

ఎండగాలి
పైగా అదే వాయువు వేడి తెస్తుంది, వేడి ఆవిరి లోటు తెస్తుంది. మళ్లీ గాలి దగ్గరికే వచ్చాం, మాస్టారు ఏమనుకున్నా సరే.

బెట్టకాలం
మీ తగాదా మధ్యలో నా పని పెరిగింది. ఎస్‌పీఈఐ దించుకున్నాను. ఇందులో 1 నెలది, 3 నెలలది, 12 నెలలది, ఇంకా ఎన్నో ఉన్నాయి. గడ్డికి ఏది, అడవికి ఏది?

లెక్కలమాస్టారు
గడ్డికి పొట్టివి, అడవికి పొడుగువి, మోటుగా చెప్పాలంటే. గడ్డి వేరు పై పొరలోనే ఉంటుంది, రెండు మూడు నెలల లోటు చాలు. లోతు వేర్ల అడవికి ఏడాది, ఏడాదిన్నర చూడండి. అన్నీ వేసి చూసి బాగా కలిసిన దాన్నే ఏరుకుంటే మాత్రం ఏదో ఒకటి కలిసి తీరుతుంది. సగం ఏళ్ల లెక్క పక్కన పెట్టి, మిగతా సగంతో నెలల సంఖ్య ఎంచుకుని, దాచిన సగంలో అది నిలుస్తుందో లేదో చూడండి. అడవికి ఎన్‌డీవీఐ వద్దు, ఫ్లోరెసెన్స్ డేటా దొరికితే అది తీసుకోండి. ఆకు పని చేస్తున్నప్పుడు వెలువరించే ఆ కాంతి, రంగు మారకముందే తగ్గుతుంది.

వలయాలు
దాచే సగంలో కరువు తర్వాతి ఏళ్లు కూడా పడేలా చూసుకోండి.